బ్యాటరీ ఉంటే చాలదు... కంప్యూటరుకు కబురందాలి

(గ్రామీణ విలేఖరి)

ఒకప్పుడు పల్లెలో కరెంటు పోతే ఆగేవి మోటారు, పిండిమర. ఇప్పుడు కంప్యూటరు కూడా వాటితో చేరింది. పాలకేంద్రం లెక్కలు, మీసేవ దరఖాస్తులు అందులోనే ఉంటున్నాయి. ప్రాథమిక సహకార సంఘాలకు కంప్యూటర్లు సమకూర్చే పథకాన్ని కేంద్రం 2022లో ఆమోదించింది. పని మధ్యలో కరెంటు పోతే ఇబ్బంది పడేది కూలి మానుకుని వరుసలో నిలబడిన మనిషే.

పలక, ఖాతా పుస్తకం

టైపు చేస్తున్న సంగతి ముందుగా ర్యామ్ అనే చోట ఉంటుంది. అది పలక వంటిది. కరెంటు పోగానే తుడుచుకుపోతుంది. డిస్కు ఖాతా పుస్తకం వంటిది. అందులోకి ఎక్కింది నిలుస్తుంది. అయితే 'సేవ్' నొక్కిన మరుక్షణమే అంతా పుస్తకానికి ఎక్కదు. కంప్యూటరును నడిపించే విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టంలు వేగం కోసం కొంత సమాచారాన్ని కొన్ని సెకన్లపాటు పలక మీదే ఉంచి, తర్వాత డిస్కుకు పంపుతాయి. ప్రమాదమంతా ఆ సెకన్లలోనే.

దీనికి విరుగుడుగా చేయబోయే మార్పును ముందే ఒక చిట్టాలో రాసుకునే పద్ధతి వచ్చింది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 ఇలా పనిచేసేవే. కరెంటు తిరిగి వచ్చాక సిస్టం ఆ చిట్టా చూసి, సగంలో ఆగిన మార్పును పూర్తి చేస్తుంది, లేదా కొట్టివేస్తుంది. దీంతో డిస్కు పద్దు చాలావరకు చెడదు. సేవ్ చేయని దరఖాస్తు మాత్రం తిరిగి రాదు. చాలా పెన్‌డ్రైవులకు ఈ చిట్టా కూడా ఉండదు.

యూపీఎస్ ఉన్నది ఎందుకు?

చిన్న యూపీఎస్ ఇచ్చేది కొద్ది నిమిషాలే. బ్యాటరీ పాతబడిన కొద్దీ అదీ తగ్గుతుంది. ఆ నిమిషాలు పని కొనసాగించడానికి కాదు, కంప్యూటరును పద్ధతిగా మూయడానికి. అయితే కరెంటు పోయిన సంగతి కంప్యూటరుకు దానంతట అది తెలియదు. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ వైరు తగిలిస్తేనే కబురు అందుతుంది. అప్పుడు విండోస్ దానిని బ్యాటరీగా గుర్తించి, ఛార్జి ఎంతకు పడితే ఏం చేయాలో అడుగుతుంది. అక్కడ 'హైబర్నేట్' పెట్టుకోవడం మంచిది. పలక మీదున్నదంతా డిస్కుకు ఎక్కించి ఆగుతుంది, మళ్లీ వేస్తే పని ఆగినచోటే కనిపిస్తుంది. 'స్లీప్' పెడితే బ్యాటరీ అయిపోగానే పలక తుడుచుకుపోతుంది. చవకరకం యూపీఎస్‌లలో అనేకం ఈ వైరు సౌకర్యం లేనివే. కొనేముందు అడగాలి. వైరు లేనిచోట కూత వినగానే సేవ్ చేసి, చేతితోనే మూసివేయాలి.

లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు తగిలించరాదు. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి యూపీఎస్‌ను ఆపివేయగలదు. ఇంటర్నెట్ పెట్టెను మాత్రం తగిలించాలి. నెలకోసారి ముఖ్యమైన పని లేని వేళ గోడ స్విచ్ ఆపి, బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూసుకోవాలి.

రెండోసారి రుసుం కట్టేముందు...

రుసుం చెల్లిస్తుండగా కరెంటు పోతే వెంటనే మళ్లీ కట్టవద్దు. మొదటి చెల్లింపు చేరిందో లేదో లావాదేవీ నెంబరుతో చూడమని అడగాలి. నెంబరు ఇంకా రాకపోతే బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గిందేమో చూడాలి.

గ్రామాల్లోని కేంద్రాలకు యూపీఎస్ ఇచ్చినంతనే బాధ్యత తీరదు. వైరు తగిలించారా, బ్యాటరీ నిలుస్తోందా అని అధికారులు అప్పుడప్పుడు తనిఖీ చేస్తే ప్రజలకు తిరుగుడు తప్పుతుంది.