అవటు గ్రంథి – ఔషధ పరిమాణం

మానవుని మెడ ముందుభాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక వంటి చిన్న గ్రంథి ఒకటి ఉన్నది. అదే అవటు గ్రంథి. థైరాయిడ్ అన్న పేరుతోనే నేడు ఇది ఎక్కువమందికి పరిచితం. దీని బరువు సుమారు 20 గ్రాములు. అయినా ఇది స్రవించే థైరాక్సిన్ అనే హార్మోను గుండె వేగాన్ని, శరీరపు వేడిని, ఆహారం శక్తిగా మారే తీరును, శిశువు మెదడు పెరుగుదలను శాసిస్తుంది. ఈ హార్మోను తయారు కావడానికి అయోడిన్ తప్పనిసరి.

అయోడిన్ లోపించినప్పుడు గ్రంథి ఉబ్బి గొంతువాపుగా పైకి కనిపిస్తుంది. ఈ వ్యాధి నివారణకు దారి చూపిన వారిలో అగ్రగణ్యుడు శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఆయన, హిమాలయ సానువులలోని కాంగ్రా లోయలో 1956లో ప్రారంభమైన పరిశోధనకు నాయకత్వం వహించారు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటిలో అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవదానిలో మామూలు ఉప్పును పంపిణీ చేశారు. ఆరేళ్ళు గడిచేసరికి అయోడిన్ ఉప్పు తిన్న మండలాలలో గొంతువాపు గణనీయంగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ ఉప్పు మడులు చిరకాలంగా ప్రసిద్ధమైనవి. సముద్రం చెంతనే ఉండగా అయోడిన్‌కు కొరత ఏమిటని ఎవరికైనా తోచవచ్చు. కాని సముద్రజలం ఆరి ఏర్పడిన ఉప్పులో సహజంగా మిగిలే అయోడిన్ అత్యల్పం. దానిని విడిగా కలపవలసిందే.

అయితే ఉప్పుతో తీరని లోపం మరొకటి ఉన్నది. శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత అవటు గ్రంథిపైనే దాడిచేసి దానిని క్షీణింపజేస్తుంది. అప్పుడు తగ్గిన హార్మోనును బయటినుండి ఇవ్వడం తప్ప మార్గం లేదు. 1891లో జార్జ్ ముర్రే అనే ఆంగ్ల వైద్యుడు గొర్రె అవటు గ్రంథి సారాన్ని ఒక రోగికి సూదిద్వారా ఎక్కించగా, ఆమె కోలుకొని మరి ఇరవై ఎనిమిదేళ్ళు జీవించింది. నేడు ఆ స్థానంలో లీవోథైరాక్సిన్ మాత్ర వాడుకలో ఉన్నది. దీనిని మైక్రోగ్రాములలో కొలుస్తారు. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవారికి శరీరపు బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు అవసరం. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేక 25తో ఆరంభించి మెల్లగా పెంచుతారు. మందగించిన గుండెను ఒక్కసారిగా పరుగెత్తించడం ప్రమాదకరం.

పరిమాణం సరిపోయిందా లేదా అన్నది టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షవల్ల తెలుస్తుంది. ఇది మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి అవటు గ్రంథికి పంపే ఆజ్ఞ వంటిది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే ఆజ్ఞ తీవ్రమై ఈ సంఖ్య పెరుగుతుంది. థైరాక్సిన్ ఎక్కువైతే సంఖ్య తగ్గుతుంది. పెద్దవారిలో ఇది సాధారణంగా 0.4 నుండి 4 వరకు ఉంటుంది. సంఖ్య పెరిగితే మందు పెంచాలి, తగ్గితే మందు తగ్గించాలి అన్న ఈ తలక్రిందుల లెక్క తెలియక తికమకపడేవారు అనేకులు. పీయూష గ్రంథికే జబ్బు చేసినప్పుడు మాత్రం ఈ సంఖ్యను నమ్మరాదు, థైరాక్సిన్‌నే కొలవాలి.

మాత్ర మార్చిన మరునాడే ఫలితం ఆశించరాదు. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త పరిమాణానికి శరీరం కుదురుకోవడానికి ఆరు వారాలు కావాలి. అందుకే ఆరు నుండి ఎనిమిది వారాల తరువాతనే మళ్ళీ పరీక్షిస్తారు. ఒకరోజు మాత్ర మరచినంతమాత్రాన ముప్పు రాకపోవడానికీ కారణం ఇదే.

విజయనగరం జిల్లా పల్లెలోని ఒక గృహిణిని ఊహించవచ్చు. ఎనిమిది వారాలుగా మాత్ర వాడుతున్నా ఆమె టి.ఎస్.హెచ్. 9 వద్దనే ఉన్నది. నీరసం, మలబద్ధకం, చలి తగ్గలేదు. మందు పెంచడం తేలిక. కాని అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందు మాత్ర ఎలా మ్రింగుతున్నదో అడుగుతాడు. ఆమె వేకువనే టీ త్రాగుతూ, రక్తహీనతకు ఇచ్చిన ఇనుము మాత్రతో కలిపి దీనినీ వేసుకొంటున్నది. ఇనుము, కాల్షియం ఈ మందును ప్రేగులలోనే బంధించివేస్తాయి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుండి గంట ఆగి చోడంబలియో టీయో త్రాగాలి. ఇనుము మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి. వేళ మార్చితే అదే పరిమాణం సరిపోవచ్చు. మార్చకుండా మందు పెంచి, తరువాత ఇనుము మాత్ర మానివేస్తే ఎక్కువైన హార్మోను గుండెదడ, చేతివణుకు, నిద్రలేమి తెస్తుంది; ఏళ్ళతరబడి కొనసాగితే ఎముకలు గుల్లబారుతాయి.

దీనికి భిన్నమైన చిక్కూ ఉన్నది. సంఖ్య సరిగా ఉన్నా నీరసం పోకపోవచ్చు. అప్పుడు తప్పు అవటు గ్రంథిది కాక రక్తహీనతదో, మధుమేహానిదో కావచ్చు. వాటిని వెదకాలి గాని మాత్ర పెంచరాదు. ఒంట్లో బాగున్నదని మాత్ర మానివేసేవారి సంగతి మరీ విచారకరం. వారు బాగున్నది ఆ మాత్రవల్లనే. మానిన కొన్ని వారాలకు పాత లక్షణాలు తిరిగివస్తాయి.

ఆమె గర్భవతి అయితే లెక్క మారుతుంది. తొలి నెలలలో శిశువుకు సొంత హార్మోను ఉండదు; తల్లి రక్తంలోనిదే దాని మెదడుకు ఆధారం. అవసరం సుమారు నాలుగోవంతు నుండి సగం వరకు పెరుగుతుంది. గర్భం నిర్ధారణ అయిన వెంటనే వైద్యునికి తెలిపి మందు సవరించుకోవాలి. గర్భధారణ సగకాలం వరకు నాలుగు వారాలకొకసారి పరీక్ష చేయిస్తారు. ప్రసవానంతరం మునుపటి పరిమాణానికి తగ్గించి, ఆరు వారాలకు మళ్ళీ రక్తం పరీక్షిస్తారు.