కొండ మీది ఇల్లు, చలికాలపు మరమ్మతు

హిమపాతము గల దేశములలో ఇంటిని శీతకాలమునకు సిద్ధపరచుట యనగా చలిని గుమ్మము వెలుపల నిలుపుటయే. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన ఎత్తున, దక్కను పీఠభూమిపై వెలసిన మన హైదరాబాదున చలి అంతటి శత్రువు కాదు. 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలు ఇచ్చటి శీతమునకు పరాకాష్ఠ. మామూలు ఏడాదిలో డిసెంబరు, జనవరి రాత్రులు 14, 15 డిగ్రీల దరిదాపుల నుండును, మధ్యాహ్నము 28 డిగ్రీల యెండ కాయును. కనుక మనకు ఈ ఋతువు ప్రధానముగా పనికాలము. నైరృతి ఋతుపవనము వెనుదిరిగి, గోడలు ఆరి, ఎండలు ముదురుటకు మునుపు, గృహస్థుడు తన యింటిని తానే పరీక్షించి చక్కబెట్టుకొనదగిన మూడు నాలుగు మాసములివి.

జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములకు ఈ మాట మరింతగా వర్తించును. సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు గుట్టలివి. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన 1970ల నడిమికాలము నుండి, మద్రాసు నాశ్రయించి యుండిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా ఈ రాళ్ల నడుమకు తరలివచ్చినది. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలును ఇచ్చటనే వెలసినవి. ఒక్క షెడ్యూలు కొరకు ప్లైవుడ్డుతోను, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోను రాజప్రాసాదములను నిలిపి, పని ముగిసినంతనే విప్పివేయు సెట్ వడ్రంగులు, మౌల్డింగు పనివారు, పెయింటర్లు సమీపమున కృష్ణానగర్ వీధులలో నివసింతురు. సెట్‌ను కెమెరా చూచు వైపు తీర్చిన చాలును. ఇంటిని మాత్రము నీరు చూచు వైపు మొదట తీర్చవలెను. చెమ్మగోడపై లప్పము పెట్టి రంగు పూయు గృహస్థుడు, తనకు తెలియకయే, తన యింట సెట్ వేయుచున్నవాడగును.

పరీక్షను డాబా నుండి ఆరంభింపవలెను. ఎండుటాకులను, మట్టిని ఊడ్చి, నీరు పోవు గొట్టముల నోళ్లను గుడ్డలతో బిగించి, డాబాపై అంగుళము లోతున నీరు నిలిపి ఒక పగలు, ఒక రాత్రి వదలివేసినచో, నీరు దిగు చోటున్న యెడల క్రింది గది కప్పున తడిమచ్చ పొడసూపును. ఆ మచ్చకు నేరుగ పైననే గాక, వాలునకు ఎగువనున్న బీటలను గూడ వెదుకవలెను. ఏలయన జొరబడిన చోటనే కారవలెనను నియమము నీటికి లేదు. వెంట్రుకవాసి బీటలపై సాగెడు గుణము గల వాటర్‌ప్రూఫ్ పూతను కుంచెతో రెండుమారులు, మొదటిది ఆరిన పిదప రెండవది దానికి అడ్డముగా, పూసిన చాలును. వెడల్పైన బీటను ఉలితో కొంత విప్పి, ధూళి దులిపి, తడిపి, వాటర్‌ప్రూఫ్ ద్రావకము కలిపిన సిమెంటు ఇసుకలతో పూడ్చి, తడిగోనె కప్పి, వారము దినములు తడుపుచుండవలెను. పిట్టగోడ డాబాను కలియు మూలను మరువరాదు. అనేక గృహములలో నీరు దిగునది ఆ అతుకుననే. కప్పు బలముపై సందేహమున్న పాత యిండ్లలో మాత్రము నీరు నిలుపు పరీక్ష చేయరాదు.

కొండవాలున కట్టిన యిండ్లకు మరియొక చిక్కు గలదు. రాతి నెరియలలో ఇంకిన వాననీరు వానలు వెలిసిన పిదప గూడ దిగువకు జారుచునే యుండి, సెల్లారు గోడయో, ఇంటి వెనుకటి రాతిగోడయో అడ్డుపడినచో దాని వెన్నున ఒత్తిడి పెంచును. గోడలో నీరు పోవుటకై విడిచిన రంధ్రములను ఇనుపచువ్వతో పొడిచి శుభ్రపరచుట ఎవ్వరైనను చేయదగిన పని. గోడ ఉబ్బినను, పగులు అడ్డముగా సాగినను ఇంజనీరును పిలువక తప్పదు.

గోడపై రంగు పొక్కినప్పుడు, తెల్లని ఉప్పు పూసినప్పుడు, తేమ గోడలోనిదా, గదిలోనిదా యని ముందు తేల్చుకొనవలెను. జానెడు చదరపు ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులు టేపుతో గోడకు బిగించి, మరునాడు చూచునది. గోడవైపు నీటిబిందువులు నిలిచినచో తేమ గోడలోనిది. గదివైపు నిలిచినచో కిటికీలు తెరచుటయే తగిన చికిత్స. మూలము మాన్పి, గోడ ఆరిన పిదప, ఉప్పును పొడిబ్రష్‌తో దులిపి, లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో నునుపు చేసి, ప్రైమరు పూసి, చిట్టచివర రంగు వేయవలెను.

తలుపుల విషయమున ఓర్పు ముఖ్యము. వానకాలమున కొయ్య ఉబ్బి తలుపు బిగిసినంతనే చిత్రిక పట్టించినవారు, జనవరిలో కొయ్య కుదించుకొనగా ఏర్పడిన సందు నుండి చలిగాలిని తామే ఆహ్వానించిన వారగుదురు. తలుపు ఆరువరకు ఆగి, అప్పటికిని రాచుకొను చోటనే చిత్రిక పట్టవలెను. ఈశాన్యము, తూర్పు దిక్కుల కిటికీ సందులకు జిగురు గల రబ్బరుపట్టీ అంటించిన చాలును. దక్షిణపు కిటికీలను మాత్రము పగటివేళ తెరచి యుంచవలెను. డిసెంబరు మూడవ వారమున మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన ఆకాశమున 49 డిగ్రీల ఎత్తుననే నిలుచుటచే, వేసవిలో సన్‌షేడు ఆపివేయు వెలుగు అప్పుడు గదిలోనికి వచ్చి నేలను వెచ్చపరచును.

బస్తీలలో రేకుల కప్పు గల గదులవారు రేకులను బిగించిన బోల్టుల వాషర్లను చూచుకొనవలెను. ఎండకు ఎండి పగిలిన వాషరే వానకు దారి. కాని ఆస్‌బెస్టాస్ రేకులను స్వయముగా కోయుట, తొలుచుట కూడదు; ఆ ధూళిలోని నారలు ఊపిరితిత్తులకు హానికరములు. అట్టి రేకులపై కాలు మోపుటయు ప్రాణాపాయమే.

ఇక స్నానపుగది. బోరునీటిలోని లవణములు గీజరు కడ్డీపై పెచ్చుగట్టి కరెంటు ఖర్చును పెంచును. వానకాలమంతయు వాడని గీజరును మరల వేయుటకు ముందు ఎలక్ట్రీషియను చేత కడ్డీని, సేఫ్టీవాల్వును, ఎర్తింగును చూపించుట మేలు. మెయిన్‌బోర్డునందలి షాకు నివారణ స్విచ్చుపై గల పరీక్షమీటను నొక్కినప్పుడు అది వెంటనే పడిపోవలెను. పడనిచో దానిని మార్పించువరకు గీజరు వేయరాదు. గ్యాస్ గీజరును గాలి ఆడని స్నానపుగదిలో బిగించుట, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట రెండును ప్రాణాంతకములు. వాని నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు.

సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించుట మనకు ఆచారము. ఆ ఖర్చు పెట్టదలచిన పాఠకులు పెయింటరును పిలుచుటకు నెల ముందే ఒక్క ఆదివారము డాబా యెక్కవలెనని నా మనవి. నీటిపని ముందు, కొయ్యపని తరువాత, రంగుపని కడపట అను క్రమము తప్పనిచో, వేసిన రంగు మరుసటి వానకాలమునకు పొక్కదు.