పంకా విమానం ఎక్కుదాం రండి

చలికాలం పొద్దున్న ఉద్దానంలో ఏ కొబ్బరితోటలో నిలబడి తలెత్తినా ఆకాశంలో తెల్లటి గీతలు కనిపిస్తాయి. చెన్నై, కోల్‌కతాల మధ్య తిరిగే పెద్ద జెట్ విమానాల దారి మన తీరం వెంబడే. పది కిలోమీటర్ల పైన గాలి మైనస్ 40 డిగ్రీల చలిలో ఉంటుంది. ఇంజను వదిలే పొగలోని నీటి ఆవిరి అక్కడ చూస్తుండగానే మంచు పలుకులైపోతుంది. ఆ పలుకుల వరసే మనకి కనిపించే గీత. పలాస వాళ్లమైనా, టెక్కలి వాళ్లమైనా విమానాలను ఎక్కువగా చూసింది ఇలా గీతలుగానే. మన నిమ్మాడకు చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యాక రచ్చబండ దగ్గర కూడా విమానాల కబుర్లు పెరిగాయి. ఎక్కాలంటే మాత్రం ముందు రైలెక్కి విశాఖ వైపు పోవాలి.

మా మనవడు ఏడో తరగతి. వాడికి విమానాలంటే ప్రాణం. శని, ఆదివారాలు కలిసొచ్చేలా చూసుకుని వాణ్ణి విశాఖ నుంచి విజయవాడకు, మళ్లీ వెనక్కి విమానంలో తిప్పాను. విజయవాడలో మాకు వేరే పనేమీ లేదు. ఎక్కడమే పని. పలాసలో తెల్లారగట్ల బండెక్కితే నౌపడ ఉప్పుమళ్ల దగ్గరికి వచ్చేసరికి వెలుతురొస్తుంది, ఎండ ముదిరేలోగా విశాఖలో దిగిపోతాం.

మేం ఎక్కిన విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి స్థావరం ఐఎన్ఎస్ డేగాలోది. రక్షణశాఖ స్థలం కాబట్టి అక్కడ ఫోటోలు తీయకూడదని వాడికి ముందే చెప్పి ఫోను నా జేబులో పెట్టుకున్నాను. బస్సు దిగి విమానం ముందు నిలబడగానే వాడి మొహం వాడిపోయింది.

"ఇదేటి తాతా, దీనికి ఫ్యాన్లున్నాయి! పాత విమానమేటి?"

పెద్దవాళ్లు కూడా ఇదే అడుగుతారు. అందుకే ఈ కబుర్లన్నీ. అది ఏటీఆర్ 72. ఫ్రాన్స్, ఇటలీ కంపెనీలు కలిసి చేసే విమానం, తూలూజ్ నగరంలో తయారవుతుంది. 70 మందికి పైగా పడతారు. పంకా కనపడుతోంది కదా అని అది తాతల కాలం నాటి పిస్టన్ ఇంజనేమీ కాదు. రెక్క కింద ఉన్న ఆ డబ్బాలో ఉండేది జెట్ ఇంజన్‌లో ఉండే టర్బైనే. ఇంధనం మండి వేడెక్కిన గాలి టర్బైన్‌ని తిప్పుతుంది. ఆ శక్తిని వెనక నుంచి బుస్సున వదిలేయకుండా పళ్ల చక్రాల ద్వారా ముందున్న ఆరు రెక్కల ప్రొపెల్లర్‌కి ఇస్తారు. ఒక్కో ఇంజన్‌ది సుమారు 2,500 హార్స్‌పవర్. దీన్నే టర్బోప్రాప్ అంటారు.

ఎందుకంత తంటా? భావనపాడు తీరంలో తెప్ప నడిపేవాళ్లను చూడండి. వెడల్పాటి తెడ్డుతో నిదానంగా తోస్తే తెప్ప హాయిగా సాగుతుంది. అదే సన్న కర్ర పట్టుకుంటే ఎంత వేగంగా ఆడించినా చేతులు పడిపోతాయే తప్ప తెప్ప కదలదు. విమానం కూడా గాలిని వెనక్కి తోసి ముందుకు పోతుంది. కాస్త లెక్క వేద్దాం. సెకనుకి ఒక కిలో గాలిని 100 మీటర్ల వేగంతో వెనక్కి తోశామనుకోండి. తోపు అంటే బరువుని వేగంతో గుణించడం, 100 వస్తుంది. 10 కిలోల గాలిని 10 మీటర్ల వేగంతో తోసినా తోపు ఆ 100కే వస్తుంది. కానీ ఖర్చయ్యే శక్తి చూడండి. శక్తి లెక్కలో వేగాన్ని వేగంతోనే గుణించి, బరువుతో గుణించి, సగం చెయ్యాలి. మొదటిదానికి 5,000 జౌళ్లు, రెండోదానికి 500. పని ఒకటే, ఖర్చులో పదోవంతు! నిజం విమానంలో ఇంత తేడా రాదు గానీ దారి మాత్రం ఇదే. ఎక్కువ గాలిని మెల్లగా తొయ్యి, ఇంధనం మిగులుతుంది.

"మరైతే పెద్ద విమానాలకి కూడా ఇవే పెట్టొచ్చు కదా?" అన్నాడు వాడు. మంచి ప్రశ్న. జవాబు ఆ పంకా కొసల్లో ఉంది. ఏటీఆర్ ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకి 3.93 మీటర్లు. అంటే కొస ఒక్క చుట్టు తిరిగితే 12 మీటర్ల పైమాటే. గాల్లోకి లేచేటప్పుడు నిమిషానికి 1,200 చుట్లు, అంటే సెకనుకి 20. కొస వేగం సెకనుకి దాదాపు 247 మీటర్లు, గంటకి 890 కిలోమీటర్లు. విమానం ఇంకా నేల వదలకముందే కొసలు ఆ వేగంలో ఉంటాయన్నమాట! శబ్దం వేగం మన ఎండలో గంటకి సుమారు 1,250. పైన చలిగాలిలో ఇంకా తక్కువ. విమానం ముందుకు పోయే వేగం కూడా కొసకి తోడైతే శబ్దం దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడ గాలి సర్దుకోలేక అదురుతుంది, చప్పుడు పెరుగుతుంది, తోపు తగ్గుతుంది. అందుకని ఏటీఆర్ పైన పంకా వేగం తగ్గించుకుని గంటకి 510 కిలోమీటర్ల లోపే నడుస్తుంది. ఢిల్లీకి పోవాలంటే జెట్టే నయం. విశాఖ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి గీత గీస్తే 300 కిలోమీటర్లు లేదు. జెట్ అయినా ఎక్కడానికి, దిగడానికే సగం దారి పోతుంది. మహా అయితే పది పదిహేను నిమిషాలు కలిసొస్తుంది. ఆ కాస్త కోసం అంత ఇంధనం తగలెయ్యడం దండగ. పైగా ఏటీఆర్ లేవడానికి 1,300 మీటర్ల రన్‌వే ఉంటే ఇంచుమించు సరిపోతుంది. చిన్న ఊళ్లకి విమానం రావాలంటే ఇలాంటిదే రావాలి. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లని విమానాలతో కలిపే ఉడాన్ పథకం మొదలైన రోజునే కడప నుంచి హైదరాబాద్‌కి ఎగిరిన ట్రూజెట్ విమానం కూడా ఈ పంకా విమానమే.

ఎక్కే ముందు నేను వాడికి రెండు చూపించాను. మొదటిది తోక కింద నిలబెట్టిన కర్ర. ఏటీఆర్‌లో మనుషులు ఎక్కేది వెనక తలుపు నుంచి, సామాన్లు వెళ్లేది ముందు నుంచి. అందరూ వెనక గుమిగూడితే తోక నేలకి వాలి ముక్కు లేచిపోయే ప్రమాదం ఉంది. దానికే ఆ ఊత. బయలుదేరే ముందు తీసేస్తారు. రెండోది కుడివైపు ఇంజన్. చాలా విమానాల్లో ఆగి ఉన్నప్పుడు కరెంటు, చల్లగాలి ఇవ్వడానికి తోకలో ఒక చిన్న ఇంజన్ ఉంటుంది. ఏటీఆర్‌లో ఆ బరువు పెట్టలేదు. కుడి ఇంజన్ ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి ఇంజన్‌ని మాత్రం నడుపుతారు. పంకా కదలదు, లోపల టర్బైన్ కూస్తూనే ఉంటుంది. దీన్ని హోటల్ మోడ్ అంటారు. బయట నుంచి కరెంటు తగిలించినప్పుడు ఇది కనపడదు. ఆ రోజు మాకు కనపడింది. ఇంజన్ తిరుగుతుంటే పంకా ఎలా ఆగింది అని వాడు బుర్ర గోక్కున్నాడు. గాలిని నలిపే టర్బైన్ వేరు, ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ వేరు. రెంటి మధ్యా ఇరుసు కలిసి ఉండదు, వేడిగాలే ఒకదాని నుంచి రెండోదానికి శక్తిని మోసుకెళ్తుంది. రెండోదాన్ని పట్టి ఆపినా మొదటిది దాని పని అది చేసుకుంటుంది.

సీటు విషయంలో నా మాట వినండి. విశాఖ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి కిటికీ. రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద చూపుకి ఏదీ అడ్డం రాదు. జెట్ ఎగిరే ఎత్తులో దాదాపు సగంలోనే పోతాం, ఊళ్లు, చెరువులు గుర్తుపట్టొచ్చు. సముద్రం, తుని దాటాక పచ్చటి మళ్లు, గోదావరి పాయలు చీలి సముద్రంలో కలిసే తావులు, చివర్లో కొల్లేరు. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో గూడబాతులుంటాయి. మన తేలినీలాపురంలో ఉండే జాతే. అంత ఎత్తు నుంచి పక్షులు కనపడవు గానీ చేపల చెరువుల గట్లు గళ్లుగళ్లుగా బాగా తెలుస్తాయి.

దారిలో విమానం కాస్త ఊగింది. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎండ పడితే నేలంతా ఒకేలా వేడెక్కదు. ఇసుక, దున్నిన చేను, తారు రోడ్డు తొందరగా వేడెక్కుతాయి. చెరువు, చెట్ల తోపు ఆలస్యంగా వేడెక్కుతాయి. వేడెక్కిన చోట గాలి పైకి లేస్తుంది, పక్కన చల్లగాలి కిందికి దిగుతుంది. ఈ రెంటినీ దాటుకుంటూ పోతే ఊపు తప్పదు. రెక్కలు ఆ మాత్రం వంగేలాగే చేస్తారు. భయపడేవాళ్లు పొద్దుటి విమానం ఎంచుకోండి, నేల ఇంకా చల్లగా ఉంటుంది.

గన్నవరంలో దిగేటప్పుడు మాత్రం కన్ను ఆర్పకూడదు. ఏటీఆర్ చక్రాలు పొట్ట పక్కనున్న ఉబ్బులోంచి దిగుతాయి, రెక్క దగ్గరి వరసల్లో కూర్చుంటే కిటికీలోంచే కనిపిస్తాయి. మడిచిన కాలు చాపినట్టు బయటికొచ్చింది చక్రం. తిరగడం లేదు, నిశ్చలంగా ఉంది. కింద రన్‌వే గంటకి 200 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోతోంది. తగిలిన క్షణంలో కీచుమని ఒక నీలిపొగ! ఆగి ఉన్న చక్రం ఉన్నపళంగా ఆ వేగం అందుకోవాలి. అందుకునే లోపల రబ్బరు నేల మీద జారి కాలుతుంది. రన్‌వే మీద నల్లటి చారలు ఎలా వచ్చాయో వాడికి అక్కడే అర్థమైంది. వెంటనే పంకాల గొంతు మారింది. పంకా రెక్కలు తమ కోణం తిప్పుకుని గాలికి బల్లపరుపుగా అడ్డం నిలబడ్డాయి. ఇప్పటిదాకా ముందుకు లాగిన పంకాయే ఇప్పుడు ఆపుతుంది. ఈ కోణం మార్చుకునే గుణమే ప్రొపెల్లర్ గొప్పతనం. గాల్లో ఇంజన్ ఆగిపోతే అవే రెక్కలు అంచు గాలికి ఎదురుగా తిప్పుకుని అడ్డు తగ్గిస్తాయి. రెండో ఇంజన్‌తో విమానం క్షేమంగా దిగుతుంది.

ఆదివారం విశాఖ తిరిగొచ్చాక రైలుకి ఇంకా టైము ఉందని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాను. అక్కడ టీయూ-142 ఉంది. 1988లో మన నౌకాదళంలో చేరి, సముద్రం మీద కాపలా తిరిగి, 2017 మార్చిలో అరక్కోణంలో విశ్రాంతి తీసుకున్న రష్యన్ విమానాల్లో ఒకటి. అదే ఏడాది డిసెంబరులో మ్యూజియం అయింది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి రెండేసి పంకాలు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. మొదటి పంకా గాలిని వెనక్కి తోస్తూనే సుడి తిప్పుతుంది. ఆ సుడిలో పోయిన శక్తి వృథా. రెండోది ఎదురు తిరిగి ఆ సుడిని నిటారు చేసి, పోయే శక్తిని తోపుగా మార్చుకుంటుంది. ఒక్కో ఇంజన్ దాదాపు 15,000 హార్స్‌పవర్, మనం ఎక్కినదానికి ఆరు రెట్లు. పంకా విమానమై ఉండి గంటకి 900 దాటేది. మరి కొసలు? శబ్దాన్ని దాటేవి. ఆ చప్పుడు భరించి, ఆ బలంతో నెగ్గుకొచ్చారు. ఇప్పటి ప్రయాణికుల విమానానికి ఆ చప్పుడు పనికిరాదు. మనవడు ఆ పంకాల కింద నిలబడి కొస వేగం లెక్క వాడే వేసుకున్నాడు. నాకు టికెట్ డబ్బులు అక్కడే తీరిపోయాయి.

ఇప్పుడు మన ఇంటి దగ్గరి ఎగిరేవాళ్ల సంగతి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వానాకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి, చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. సైబీరియా పక్షులని అందరం అంటాం. కానీ ఆలోచించండి, ఉత్తరాది చలి దేశాల పక్షులు చలి తప్పించుకోవడానికి వస్తాయే గానీ గూడు పెట్టేది తమ దేశంలోనే. ఇవి ఇక్కడే గూడు పెడుతున్నాయి. ఈ గూడబాతు జాతి దక్షిణాసియా చుట్టుపక్కలదే, నీళ్లు, చేపలు ఉన్న చోటికి దేశంలోనే తిరుగుతుంది. ఇవి మన పిల్లలే. పరాయి దేశపు అతిథులన్న గౌరవం కంటే సొంత బిడ్డలన్న బాధ్యత ఎక్కువ.

పొద్దున్న తొమ్మిది, పది దాకా అవి పెద్దగా పైకి లేవవు. నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళకి, అయిదు కిలోల బరువున్న పక్షి రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఆ గాలి మీదే పైకి పోతుంది. విమానాన్ని ఊపిన గాలే దీన్ని మోస్తుంది.

ఇది ఊరికే చెప్పడం లేదు. పలాస వైపు విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. విమానం అంటే నాకెంత ఇష్టమో ఇంతదాకా చదివిన మీకు తెలుసు. అయినా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన జీడి, కొబ్బరి తోటల్ని మళ్లీ నిలబెట్టుకున్న రైతుకి భూమి పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయానికి ముందు జవాబు చెప్పాలి. భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరున 3,800 మీటర్ల రన్‌వేతో కట్టిన విమానాశ్రయం విశాఖ కంటే మనకి దగ్గర, అదీ లెక్కలోకి తీసుకోవాలి. ఇక పక్షుల మాట. అయిదు కిలోల గూడబాతు తిరిగే ప్రొపెల్లర్‌కి తగిలితే పక్షికీ ముప్పే, విమానానికీ ముప్పే. ఎక్కడ కట్టినా, తేలినీలాపురం పక్షులు మేతకి ఏ దారిన పోతాయి, ఏ వేళకి ఎంత ఎత్తు లేస్తాయి, ఏ నెలలో ఎక్కువ అన్నది ఏడాది పొడుగునా చూసి రాసిన లెక్క ఉండాలి. రన్‌వే ఏ దిక్కుకి ఉండాలో గాలితో పాటు అది కూడా చెప్పాలి. ఆ లెక్క తియ్యడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. టెక్కలి, పలాస కాలేజీల పిల్లలు ఒక బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం పట్టుకుని వంతులవారీగా కూర్చుంటే చాలు. ఈ అక్టోబరు నుంచే మొదలుపెట్టొచ్చు.