పేరు లేని పాత పెన్నును పోల్చుకోవడం ఎలా?

పాత పెన్ను మీద కంపెనీ పేరు కనిపించకపోతే దాన్ని నాసిరకం సరుకు కింద జమకడతాం. చేత్తో చేసిన పెన్నుల విషయంలో ఇది అన్యాయమైన తీర్పు. పైపైన చెక్కిన అక్షరాలు ఏళ్ల తరబడి వేళ్ల మధ్య నలిగి అరిగిపోతాయి. పేరు పోయినా పుట్టుక ఆనవాళ్లు మిగులుతాయి. మీరు రాజమండ్రిలో ఉన్నా, సౌదీలో ఎర్ర సముద్రం ఒడ్డున రాబిగ్‌లో ఉన్నా, వాటిని పట్టుకోవడానికి ఒక భూతద్దం, ఒక టార్చిలైటు చాలు.

ముందుగా గది చీకటి చేసి, టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వేస్తూ పెన్నును మెల్లగా తిప్పండి. లోతు లేని గీతలకు కూడా నీడ పడుతుంది. అరిగిపోయిన పేరులో ఒకటి రెండు అక్షరాలైనా దొరకవచ్చు.

తర్వాత పదార్థం. గొట్టాన్ని బొటనవేలితో గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. గంధకం వాసన వస్తే అది ఎబొనైట్. రబ్బరులో గంధకాన్ని బాగా ఎక్కువ పాళ్లలో కలిపి గంటల తరబడి వేడిచేస్తే అది సాగే గుణం పోయి కొయ్యలా గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం కలుపుతారు. సూది కాల్చి గుచ్చి చూసే పరీక్ష మాత్రం వద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. ఏ వాసనా రాకపోతే ఆక్రిలిక్ లాంటి తర్వాతి కాలపు ప్లాస్టిక్ కావచ్చు.

రంగు కూడా సాక్ష్యమే. ఎండ, తేమ తగిలితే పైపొరలోని గంధకం ఆక్సీకరణ చెంది నల్ల ఎబొనైట్ గోధుమరంగుకు తిరుగుతుంది. మూత కింద దాగిన భాగం నల్లగానే ఉండి, బయటి భాగం మాత్రం వెలిసి ఉంటే ఎబొనైట్ అన్న అనుమానం బలపడుతుంది. వేడినీళ్లు తగిలినా ఇలాగే పాడవుతుంది. కడగడానికి చల్లనీళ్లే వాడాలి. రాబిగ్ లాంటి తీరప్రాంతంలో ఎండా ఉక్కా రెండూ ఎక్కువే కాబట్టి పెన్నును కిటికీ దగ్గరా, కారులోనూ వదలకండి.

ఇక మూత లోపలికి టార్చి వేయండి. సన్నటి వలయాలు కనిపిస్తే లేత్ మీద తొలిచినట్టు. నిలువునా అతుకు గీత ఉంటే అచ్చులో పోసినట్టు.

సిరా నింపే పద్ధతి దగ్గర చాలామంది పొరపడతారు. మీట లాగి నింపే పెన్నుకు వాల్టర్ షేఫర్ 1908లో పేటెంటు పొందాడు. పెలికాన్ పిస్టన్ పెన్ను 1929లో వచ్చింది. ఈ వరస చూసి, డ్రాపరుతో గొట్టంలోకి నేరుగా సిరా పోసే ఎబొనైట్ పెన్ను అనగానే వందేళ్ల నాటిదని తేల్చేస్తారు. మన దగ్గర ఆ లెక్క తప్పుతుంది. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టింది 1930లలో. ఆయన పంపిన పెన్ను బాగుందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి చేసే అలాంటి పెన్నులు ఈ కాలంలోనూ తయారవుతున్నాయి. అంటే అదే పదార్థం, అదే పద్ధతి ఉన్న పెన్ను తాతగారి నాటిదీ కావచ్చు, మొన్న చేసినదీ కావచ్చు.

పాళీని అన్నిటికంటే చివర నమ్మాలి. 14 కె, 585 అన్న గుర్తులు బంగారాన్ని సూచిస్తాయి. పసుపు పూత అరిగి తెల్లటి లోహం బయటపడితే స్టీలు అనుకోవచ్చు. కానీ పాళీ మార్చడం నిమిషాల పని. దాని మీద ఉన్న పేరు పాళీ చేసినవాళ్లది, పెన్ను చేసినవాళ్లది కాకపోవచ్చు.

ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పకండి. పదార్థం, పనితనం, సిరా నింపే పద్ధతి మూడూ ఒకే వైపు చూపితేనే కాలాన్ని అంచనా వేయండి. మెరుపు కోసం ఉప్పుకాగితంతో రుద్దితే ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. అమ్మినవారిని ఈ పెన్ను ఏ ఊరిది, ఎవరు వాడారు అని అడిగి, వాళ్లు చెప్పినది కాగితం మీద రాసి పెన్నుతో పాటే దాచండి.