పీవీసీ పెసరట్టు తిన్నారా?

కీచైన్‌కు వేలాడే బుల్లి ఇడ్లీ ప్లేటు, చెవికి ఊగే చిట్టి పెసరట్టు, నిండు గులాబీ రేకును కడుపులో దాచుకున్న లాకెట్... వీటికి ఇప్పటి పిల్లలు పెట్టుకున్న ముద్దు పేరు చార్మ్‌లు. కొన్ని పాలిమర్ క్లేతో చేస్తారు, కొన్ని రెసిన్‌తో పోస్తారు. నేర్చుకుందామని ఒవెన్ ముందు కూర్చోబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ముందు ఈ వింతలు వినండి!

మీకు తెలుసా? పాలిమర్ క్లే మట్టి కాదు! దాని అసలు సరుకు పీవీసీ. అవును, మీ బోరు నీళ్లను మేడ మీది ట్యాంకుకు మోసే పైపు ఉందే, అదే పీవీసీ. మెత్తదనానికి ప్లాస్టిసైజర్, అందానికి రంగుపొడులు కలిపితే క్లే తయార్. ఒకే ఇంటి పేరు... ఒకటి గోడకు, ఒకటి చెవికి!

మీకు తెలుసా? ఆ పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. ఆ క్లోరిన్ వచ్చేది ఉప్పు నుంచి. కూరలో వేసే అదే ఉప్పు! ఉప్పు లేని పప్పే కాదండీ, ఉప్పు లేని పాలిమర్ జుంకా కూడా లేదు.

మీకు తెలుసా? 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓయ్‌గెన్ బౌమన్ ఒక వాయువును సీసాలో పెట్టి ఎండ తగలనిచ్చాడు. లోపల తెల్లటి ఘనపదార్థం పేరుకుంది. అదే పీవీసీ! దానితో ఏం చెయ్యాలో అప్పట్లో ఎవరికీ తోచలేదు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దాన్ని మెత్తబరిచే దారి కనిపెట్టేదాకా అది మూలనే ఉంది. 54 ఏళ్ల ఎదురుచూపు!

ఇప్పుడొక పరీక్ష. మే నెల, మిట్టమధ్యాహ్నం, రెంటచింతల ఎండ. పాలిమర్ క్లే బొమ్మను డాబా మీద పెట్టారు. గట్టిపడుతుందా? పడదు! దానికి కంపెనీని బట్టి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ కావాలి. మరి పక్కనే యూవీ రెసిన్ పోసిన అచ్చు పెడితే? నిమిషాల్లో రాయి! దానికి కావాల్సింది వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కాంతి. ఒకే డాబా, ఒకే ఎండ, ఒకటి పాసు, ఒకటి ఫెయిలు.

మీకు తెలుసా? కుమ్మరి కుండ కాలడానికి వందల డిగ్రీల సెగ కావాలి. పాలిమర్ క్లేకు వంటింటి ఓటీజీ చాలు. కానీ అత్యాశ వద్దు! సెగ 175 డిగ్రీలు దాటితే క్లే మాడి, ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వదులుతుంది. అందుకే క్లేకు విడిగా ఒక ఒవెన్, లోపల ఒక థర్మామీటర్ పెట్టుకోవాలి. ఒవెన్ బుడిపె మీది అంకెను నమ్మితే నష్టమే. అది చెప్పేదొకటి, లోపల సెగ మరొకటి!

ఈ క్లే ఎలా పుట్టిందో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. కేతె క్రూజె జర్మనీలో పేరుమోసిన బొమ్మల తయారీదారు. 1939లో ఆమె చేతికి ఒక కొత్త ప్లాస్టిక్ ముద్ద వచ్చింది. అప్పట్లో రాజ్యమేలుతున్న బేకలైట్‌కు బదులుగా పనికొస్తుందని తయారుచేసిన సరుకది. ఆమె ఫ్యాక్టరీకి అది పనికిరాలేదు. పారేయలేదు, కూతురు సోఫీకి ఇచ్చింది. ఇంట్లో ఆ అమ్మాయి ముద్దుపేరు ఫిఫీ. అమ్మ వద్దన్న ముద్దతో కూతురు ఆడుతూ ఆడుతూ దాన్ని కళాసామగ్రిగా మలిచి అమ్మకానికి పెట్టింది. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ కొనేసింది. ఈరోజు షాపుల్లో దొరికే ఫిమో క్లే అదే! ఫ్యాక్టరీ ఫెయిల్ చేసిన సరుకు, కూతురి చేతిలో ఫస్టు క్లాసు!

అట్లాంటిక్ అవతల కథ ఇంకా విడ్డూరం. మీకు తెలుసా? అమెరికావాళ్ల స్కల్పీ క్లేను 1960ల మొదట్లో తయారుచేసింది బొమ్మల కోసం కానే కాదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి వేడిని బయటికి లాగే పూతగా! ఆ ఉద్యోగంలో అది నిలవలేదు. ఒవెన్‌లో పెడితే గట్టిపడుతుందని తెలిశాక నేరుగా కళాకారుల బల్ల మీదకు దూకింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో కూర్చోవాల్సింది, వయ్యారంగా మెడలో కూర్చుంది!

సరే, చేతులు దురద పెడుతున్నాయా? రండి, ఒక పెసరట్టు వేద్దాం. బఠాణీ గింజంత ఆకుపచ్చ క్లేలో ఇసుమంత పసుపు, ఇసుమంత తెలుపు కలిపి రంగు ఏకమయ్యేదాకా పిసకండి. పల్చగా నొక్కి, పాత టూత్‌బ్రష్‌తో టకటకా పొడవండి. అట్టు మీది గరుకు వచ్చేసింది! ఇప్పుడు డ్రై పాస్టెల్ సుద్దను బ్లేడుతో గీకి పొడి చేసి, సన్న కుంచెతో అంచుల మీద అద్దండి. ముందు లేత గోధుమ రంగు, దాని మీద ముదురు, చివరగా ఒకటి రెండు చోట్ల మాత్రమే నల్లటి మచ్చ. కాలకముందు క్లే కాస్త జిగురుగా ఉంటుంది కాబట్టి పొడి అతుక్కుపోతుంది, జిగురుమందే అక్కర్లేదు. పైన ఆవగింజలో సగమంత ఉల్లి ముక్కలు, సూదిమొనతో ఎత్తి పెట్టే పచ్చిమిర్చి చక్రాలు. సగానికి మడిచి, అంచులో చిన్న కొక్కెం గుచ్చి, ఒవెన్‌లోకి. బయటికి తీశాక చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: అల్లం పచ్చడేదీ?

మీకు తెలుసా? పది నిమ్మతొనల కమ్మలకు పదిసార్లు తొనలు దిద్దక్కర్లేదు. తొనలన్నీ పొడవాటి కడ్డీలుగా చేసి, గుండ్రంగా పేర్చి, తొక్కతో చుట్టి ఒకే పెద్ద కడ్డీ చేస్తారు. దాన్ని మెల్లగా నొక్కుతూ, దొర్లిస్తూ సాగదీస్తే లోపలి బొమ్మ చెదరకుండా చిన్నదైపోతుంది! ఎక్కడ కోసినా నిమ్మచక్రమే. వెనిస్ పక్కన మురానో దీవిలో గాజు పనివాళ్లు వాడే కిటుకు ఇది. వాళ్లకు కొలిమి కావాలి. మనకు ఒక బ్లేడు చాలు!

మీకు తెలుసా? నున్నటి పలకలో లోతు కనిపించే కనికట్టు కూడా ఉంది. ముత్యపు మెరుపున్న క్లేలో అభ్రకం రేకులుంటాయి. అదే, గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకం! క్లేను పదే పదే ఒత్తితే ఆ రేకులన్నీ ఒకే వైపుకు పడుకుంటాయి. పైన ఒక ముద్ర నొక్కి, ఉబ్బిన భాగాన్ని బ్లేడుతో చెక్కేయండి. చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది, కంటికి మాత్రం ముద్ర ఎగుడుదిగుడుగా లేచి కనిపిస్తుంది. వేలు నిజం చెబుతుంది, కన్ను ఒప్పుకోదు!

మీకు తెలుసా? పచ్చి క్లే డబ్బాలను కొరుకుతుంది! అందులోని ప్లాస్టిసైజర్ గట్టి పాలిస్టైరిన్ డబ్బాను కరిగించి అతుక్కుపోతుంది. డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే నిశ్చింతగా దాచుకోండి, 6 ఉంటే దూరం పెట్టండి. వార్నిష్ కొట్టిన టేబులు మీద రాత్రంతా వదిలేసినా మచ్చ ఖాయం. ఇంట్లో అమ్మ ఉంటే చీవాట్లూ ఖాయం.

మీకు తెలుసా? కాల్చిన పాలిమర్ క్లేకు మెరుపు రావాలని గోళ్ల రంగు పూస్తే, చాలా రకాలకు అది మెత్తబడి బంకబంకగా తయారవుతుంది. కానీ పాక్షికంగా పారదర్శకమైన క్లేను ఒవెన్ లోంచి తీసి వెంటనే ఐసు నీళ్లలో ముంచితే మరింత తేటపడుతుంది. చన్నీళ్ల స్నానంతో అందం!

ఇక రెసిన్ సంగతికొద్దాం. అది కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారా? మహాభారతంలో పాండవుల కోసం కట్టించిన లక్క ఇల్లు గుర్తుందా? లక్క అంటే రెసినే! చెట్టుకొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించే రెసిన్. చప్పున అంటుకుంటుంది కాబట్టే దుర్యోధనుడు దాన్ని ఎంచుకున్నాడు. మన ఇతిహాసంలో ఒక రెసిన్ భవంతి ఉందన్నమాట!

మీకు తెలుసా? ఏటికొప్పాక బొమ్మకు లక్క పూసేటప్పుడు పొయ్యి వెలిగించరు. తరిణె మీద గిర్రున తిరిగే కొయ్యకు లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యను పట్టేస్తుంది! ఇక చార్మినార్ పక్కన లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడి చేసిన లక్కను చేత్తో సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయినీ పొదుగుతారు. రెసిన్ నగలు నేర్చుకోవాలంటే యూట్యూబ్ ఒక్కటే గురువు కాదండోయ్!

ఇక్కడే ఒక గొలుసు బయటపడుతుంది, జాగ్రత్తగా పట్టుకోండి. ఆ లక్కకు బదులు కృత్రిమ సరుకు కావాలని వెతుకుతూ లియో బేకలాండ్ 1907లో చేసింది బేకలైట్. ఆ బేకలైట్‌కు బదులుగా పనికొస్తుందన్న ముద్దే ఇందాకటి ఫిఫీ చేతికి వచ్చిన క్లే. పురుగు నుంచి బొమ్మల అమ్మాయి దాకా... అబ్బ, ఎంత తిన్నని దారి!

ఇంకోటి! ఘంటసాల గారి పుష్పవిలాపం మోగిన పాత 78 ఆర్‌పీఎం రికార్డులు దేనితో చేసేవారు? లక్కతో! ఆయన భగవద్గీత వచ్చిన ఎల్‌పీలు? వినైల్, అంటే పీవీసీతో! మన చార్మ్‌ల పెట్టెలో రెసిన్ పక్కన పీవీసీ క్లే ఉంటుందా... వాటి బంధువులు రెండూ ముందే గంధర్వ గానం చేసేశాయి!

మీకు తెలుసా? ఇప్పటి ఎపాక్సీ రెసిన్ మీ ఇంట్లో ఏనాడో ఉంది. రెండు ట్యూబులు కలిపి విరిగిన కప్పు చెవి అతికించే అరల్డైట్ అదే కుటుంబం! 1930ల్లో స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్ కట్టుడు పళ్లకు పనికొస్తుందని ఈ రెసిన్‌ను తయారుచేశాడు. పళ్ల దగ్గర పప్పులుడకలేదు. సీబా కంపెనీ చేతికి వెళ్లి జిగురుగా ప్రపంచాన్ని అతికించేసింది. నోట్లోకి రాబోయి, చేతికొచ్చింది!

మీకు తెలుసా? ఎపాక్సీ ఆరదు! గట్టిపడుతుంది, అంతే. రెసిన్, హార్డ్‌నర్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుకుంటాయి. ఒకటికొకటి అని సీసా మీద రాసి ఉంటే ఒకటికొకటే, రెండుకొకటి అంటే రెండుకొకటే. త్వరగా గట్టిపడాలని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే ఎన్నాళ్లైనా బంకే! జోడీ దొరకని అణువులు మిగిలిపోతాయి మరి.

మీకు తెలుసా? కలిపిన రెసిన్‌ను కప్పు నిండా అలాగే వదిలేస్తే దానంతటదే వేడెక్కి పొగ కూడా కక్కగలదు! అదే రెసిన్ పల్చగా అచ్చులో పోస్తే చల్లగా, నింపాదిగా 24 గంటలు తీసుకుంటుంది. గుంపులో ఉంటేనే దానికి ఆవేశం.

మీకు తెలుసా? బుడగల పని పట్టే చిట్కా ఫూ అని ఊదినంత తేలిక. రెసిన్ సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే పల్చబడి, బుడగలు పైకి తేలతాయి. మిగిలినవాటిని పుల్లతో గుచ్చేయడమే. విశాఖలోనో కాకినాడలోనో ముసురు పట్టినప్పుడు పోస్తే, కొన్ని ఎపాక్సీల మీద జిడ్డు పొర తేలుతుంది. కంగారొద్దు, సబ్బునీళ్లతో కడిగితే మాయం!

మీకు తెలుసా? సిలికాన్ అచ్చు లోపల మీ వేలిముద్ర పడితే, గట్టిపడ్డ రెసిన్ మీద అదే ముద్ర గీత గీతా దిగుతుంది. అచ్చు నునుపైతే చార్మ్ తళతళ, అచ్చు మసకైతే చార్మ్ మసక. పోలీసులకు కూడా ఇంత స్పష్టంగా దొరకదు!

పెళ్లి దండలోని పువ్వుల్ని రెసిన్‌లో దాచుకోవడం ఇప్పుడు జోరుమీదుంది. మీకు తెలుసా? తాజా మల్లెను అలాగే ముంచితే లోపలి తడికి గోధుమరంగు తిరుగుతుంది. ముందు సిలికా జెల్‌లో పాతిపెట్టి బాగా ఎండబెట్టాలి. ఇక్కడొక్క మాట నవ్వకుండా చెబుతాను: చేతికి నైట్రైల్ గ్లౌజులు, గదిలో గాలి ఆడాలి, అరగదీసేటప్పుడు మాస్కు. గట్టిపడని ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు. చిన్నపిల్లల చేతికి ఆ సీసాలివ్వకండి, వాళ్లకు క్లే ముద్ద చాలు.

మీకు తెలుసా? రెసిన్‌లో వస్తువులు దాచిపెట్టడంలో ప్రపంచ రికార్డు మనిషిది కాదు, చెట్లది! 2015లో మయన్మార్‌లోని మిచీనా సంతలో చైనా శాస్త్రవేత్త షింగ్ లీదాకు ఒక అంబర్ ముక్క కనిపించింది. అంబర్ అంటే శిలాజంగా మారిన చెట్టు రెసిన్. లోపలున్నది ఏదో మొక్క అనుకుని అమ్మకానికి పెట్టారు, నగల్లోకి వెళ్లిపోవాల్సిన ముక్క! తీరా చూస్తే... ఈకలున్న డైనోసార్ తోక! ఎనిమిది వెన్నుపూసలతో సహా, వయసు 9.9 కోట్ల ఏళ్లు. లాకెట్‌లో డైనోసార్ వేసుకుని ఎవరైనా పేరంటానికి వెళ్లి ఉండేవారు!

మీకు తెలుసా? ఒంటికి ఏదో ఒకటి వేలాడదీసుకునే సరదా కూడా కొత్తదేం కాదు! క్రొయేషియాలోని క్రపీనాలో దొరికిన గద్ద గోళ్ల అలంకారం వయసు 1.3 లక్షల ఏళ్లు. చేసింది నియాండర్తల్ మానవులు. విక్టోరియా రాణి చేతి గొలుసుకు ఒక్కో బిడ్డకు ఒక్కో రంగు హృదయం చొప్పున 9 వేలాడేవి. గొలుసు బరువు సంసారం బరువుతో పాటే పెరిగింది!

మీకు తెలుసా? అమెరికాలో కుండల కళకు కొత్త దారి చూపిన దిగ్గజం పీటర్ వోల్కస్. ఆయన కూతురు పియర్ పట్టుకున్నది పాలిమర్ క్లే! ఆ క్లే పనితనానికి విస్కాన్సిన్‌లోని రసీన్ ఆర్ట్ మ్యూజియం 2011లో ప్రత్యేక ప్రదర్శనే పెట్టింది. నాన్నది కొలిమి, కూతురిది టోస్టర్ ఒవెన్, ఇద్దరిదీ కళే!

చివరిదొకటి. మీరు పోసిన రెసిన్ చార్మ్‌ను ఫోన్‌కు తగిలించారు కదా? ఆ ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు దేనితో చేస్తారో మీకు తెలుసా? గాజు నారలతో, ఎపాక్సీ రెసిన్‌తో! ఒకే వంశం... లోపలున్నది రాత్రింబగళ్లు డ్యూటీ చేస్తోంది, బయటున్నది హాయిగా ఊగుతోంది!