రెండవ తాళపుచెవి

ఓరుగల్లు కొత్తవాడలో ఉదయముననే నడచిపోవువానికి ఇరుప్రక్కల ఇండ్లనుండి మగ్గముల చప్పుడు వినవచ్చుచుండును; వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించుటకు చాల పూర్వమే ఈ వాడ నేతగాండ్రు పడుగుపేకల నడుమ తమ ఆయువును పరచిరి. అట్టి యొక యింట, మగ్గమునకు పైగా గోడకు బిగించిన చిన్న తెల్లని డబ్బా యొకటి, నూలుపొట్టు కప్పుకొని, రెండు కొమ్ములు పైకెత్తి, పచ్చని దీపములు మిణుకుమిణుకుమనుచుండగా నా కంటబడెను.

“గది వైఫై డబ్బా బిడ్డా. నెట్టు పెట్టినాయన బిగించిపోయిండు. మా మనుమడు జంపఖానాల ఫొటోలు దాంట్లకెళ్లే పంపుతడు,” అని నాకు పెద్దబాపు వరుసయగు ఆ యింటి పెద్ద, చేతిపని మానకయే పలికెను.

“పాస్‌వర్డ్ ఏం పెట్టిన్రు పెద్దబాపూ?”

“మా ఫోన్ నంబరే. యాదికుంటదని ఆయననే పెట్టిండు.”

ఆ ఫోన్ నంబరు, జంపఖానాలు అమ్మబడునను అక్షరముల క్రింద, వీధివాకిటి బోర్డుమీద అరచేయంత అంకెలతో వెలయుచున్నది. నవ్వు వచ్చినను నవ్వలేకపోతిని. ఏలయన, నా యింటి డబ్బా స్థితియు మొన్నమొన్నటివరకు ఇంతకంటె మెరుగు కాదు.

రౌటరు అనబడు ఈ డబ్బాకు తాళపుచెవులు రెండు. మొదటిది వైఫై పాస్‌వర్డు. చుట్టములింట అడుగుపెట్టగనే పిల్లలు అడిగెడిది ఇదియే. రెండవది, డబ్బా లోపలి అమరికలను మార్చుటకు వలసినది. దీనిని అడుగువారే లేరు గనుక ఇట్టిదొకటి కలదని ఎఱిగినవారును అరుదు. మొదటిది చిక్కినవాడు మన నెట్టును వాడుకొనును, అంతతో సరిపెట్టుకొన్నను పెట్టుకొనును. రెండవదియు చిక్కెనా, మనము బ్యాంకు పేరు కొట్టినప్పుడు మన ఫోను ఏ చిరునామాకు పోవలయునో చెప్పు దారినే త్రిప్పివేసి, అచ్చముగ బ్యాంకువలె కనబడు మోసపు గుమ్మమునకు మనలను చేర్చజూచును. చిత్రమేమన, కర్మాగారమునుండి వెలువడునాటికి అనేక డబ్బాలకు ఈ రెండవ చెవి ‘అడ్మిన్’ అను ఒకే మాట: పేరును అదియే, పాస్‌వర్డును అదియే.

2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, అరువదికి పైబడిన ఇట్టి కర్మాగారపు పాస్‌వర్డుల జాబితాను మాత్రమే ఆయుధముగ గొని, లక్షలాది కెమెరాలలోను రౌటర్లలోను చొరబడినది. ఆ అక్టోబరు 21న అట్లు లొంగిన యంత్రములు వెబ్‌సైట్ల చిరునామాలకు దారి చూపు డైన్ అను సంస్థపై ఒక్కుమ్మడిగ విరుచుకుపడగా, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి మూగవోయెను. మరుసటియేడు జూలైలో మన దేశముననే బీఎస్ఎన్ఎల్ మోడెములు వేలకొలదిగ ఇట్టి దాడికి లోనై పనిచెడిపోగా, పాత పాస్‌వర్డులను మార్చుకొనుడని ఆ సంస్థ ఖాతాదారులను కోరవలసివచ్చెను. మొదటి చెవి సంగతియు అల్పము కాదు. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిలు, నవీ ముంబయిలో ఒక విదేశీయుని ఇంటి తాళములేని వైఫైగుండ వెలువడుటచే, పాపము, ఆ గృహస్థు విచారణ నెదుర్కొనెను.

పెద్దబాపు సరేయనగా డబ్బాను గోడనుండి దింపి, పొట్టు తుడిచి, వెల్లకిల త్రిప్పి చూచితిమి. అడుగున అంటించిన కాగితముపై 192.168.1.1 అను అంకెలు. ఈ 192.168తో మొదలగు చిరునామాలు ఇంటిలోపలి వాడుకకే 1990ల దశకమున విడిచిపెట్టబడినవి. కావున కొత్తవాడలోను న్యూజెర్సీలోను అవే అంకెలు ఉండవచ్చును, ప్రతి యింటిలోను వంటగది ఉన్నట్లే. మనుమడు తొందరపడి వానిని గూగుల్ గడిలో కొట్టగా పేజీలు కుప్పతెప్పలుగ వచ్చిపడెను. అట్టి కుప్పలలోనే కస్టమర్ కేర్ పేరిట మోసగాండ్ర నంబర్లు పొంచియుండును. ఇంటి వైఫైకి కలిసియున్న ఫోనులో, బ్రౌజరు పైభాగపు చిరునామా గడిలో, చుక్కలతోసహా కొట్టిన తరువాత అసలు పేజీ తెరచుకొన్నది. పేరు అడ్మిన్, పాస్‌వర్డు అడ్మిన్. ద్వారము రెప్పపాటులో తొలగెను.

మొట్టమొదట మార్చవలసినది ఆ మాటనే, మార్చితిమి. అటుపిమ్మట వైఫై భద్రత డబ్ల్యూపీఏ2గా ఉన్నదో లేదో చూచితిమి. ఇంటి పరికరములన్నియు ఒప్పుకొన్నచో డబ్ల్యూపీఏ3 మఱింత మేలు, వెప్ అను పాత పద్ధతి మాత్రము 2001లోనే ఛేదింపబడినది. డబ్ల్యూపీఎస్ అను సులభపు మీటను ఆపివేసితిమి: దాని ఎనిమిదంకెల పిన్నును డబ్బా రెండు ముక్కలుగ పరీక్షించుటచే, పదికోట్ల ప్రయత్నములు వలసినచోట పదునొకండు వేలు చాలునని 2011లో బయటపడినది. బయటి ఊరినుండి ఈ పేజీని తెరువనిచ్చు అమరికను మూసి, డబ్బాను నడుపు ప్రోగ్రామగు ఫర్మ్‌వేర్ కొత్తది ఉన్నదని చూపగా దానిని ఎక్కించితిమి.

వెనుకనున్న సన్నని రంధ్రములో గుండుసూది గ్రుచ్చబోయిన మనుమని చేతిని మాత్రము నేను పట్టుకొంటిని. పాస్‌వర్డు మఱచిన ఒక పండుగనాడు నేను ఆ రీసెట్టు మీటను పది సెకండ్లు నొక్కిపట్టగా, పాస్‌వర్డుతోపాటు కంపెనీవారి అమరికలన్నియు తుడిచిపెట్టుకొనిపోయి, వారి మనిషి వచ్చువరకు మూడు దినములు ఇంటిల్లిపాదియు నాతో ముభావముగ నుండిరి. ఫైబర్ డబ్బాలతో ఈ చిక్కు కలదు. ముందుగ ఫోను చేసి అడుగుటయే తెలివి.

ఇక వైఫై పాస్‌వర్డు. ఎనిమిది అక్షరములకు తక్కువ పనికిరాదు, పదునాఱు ఇరువది ఉన్నచో శ్రేష్ఠము. పెద్దబాపు మగ్గము దిగి, కండ్లజోడు సవరించుకొని, ఫోను తీసికొని తానే ఒక్కొక్క అక్షరమును వ్రేలితో వెదకి వెదకి కొట్టుచుండెను. ఏ వన్నెల పేర్లో, ఏ అంచు లెక్కయో పెదవులు కదలుచున్నవి. నేను మొగము త్రిప్పుకొని, మగ్గముపై సగము నేసిన ఎఱ్ఱని జంపఖానావంక చూచుచుంటిని.

“మరి మర్చిపోతే?”

“నూలు లెక్కల పుస్తకంల రాసి బీరువల పెట్టుకో పెద్దబాపూ. గోడ మీద మాత్రం రాయకు.”

ఆయన మరల మగ్గమెక్కెను. ఇంటి ఫోన్లకు, టీవీకి కొత్త పాస్‌వర్డు ఇచ్చుటలో మనుమడు మునిగియుండగా, పది నిమిషములైనను గడువకమునుపే ప్రక్కయింటి పిల్లవాడు గుమ్మములోనికి తల దూర్చెను.

“తాతా, మీ వైఫై ఖరాబైందా? మా టీవీల బొమ్మ వస్తలేదు.”

మగ్గపు చప్పుడు ఆగిపోయెను.