ఉరికొయ్య దాకా వెళ్లిన ఆదిలాబాద్ కేసు

ఆదిలాబాద్: జిల్లాలో ఆనాటి సంగతులు ఎరిగిన పెద్దలకు భూమయ్య, కిష్టాగౌడ్ పేర్లు కొత్త కాదు. 1975 డిసెంబరు 1న హైదరాబాదులోని ముషీరాబాద్ జైలులో వీరిద్దరినీ ఉరితీశారు. అప్పటికి అయిదు నెలలుగా దేశంలో ఎమర్జెన్సీ అమలులో ఉంది.

ఇద్దరూ ఈ జిల్లావారే. దొరల గడీలు, వెట్టిచాకిరి, భూమి తగాదాల నడుమ పెరిగిన తరం వారిది. నక్సలైటు ఉద్యమం తెలంగాణ పల్లెలకు పాకినప్పుడు అందులో చేరారు. భూస్వామి హత్య కేసులో బోను ఎక్కారు. సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేసింది. సెషన్సు కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేయవలసి ఉంటుంది. పై కోర్టులలోనూ వారికి ఊరట దొరకలేదు. రాష్ట్రపతి క్షమాభిక్షా లభించలేదు.

వీరు సొంత లాభానికో, సొంత పగతోనో చంపలేదని, రాజకీయ నేరంగా చూసి ప్రాణం నిలపాలని రచయితలు, న్యాయవాదులు అర్జీలు పెట్టారు. చనిపోయినవారికీ ఇల్లూ వాకిలీ, ఆలుబిడ్డలూ ఉంటారని, ఆశయం పేరు చెబితే హత్య హత్య కాకుండా పోదని ఎదుటి పక్షం మాట.

1975లో కేసు మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఉరిశిక్షలంటే గిట్టని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. క్షమాభిక్ష రాష్ట్రపతి చేతిలోనిదని, అందులో కోర్టు జోక్యం చేసుకోదని చెప్పారు. అయితే ఆ అధికారాన్ని దురుద్దేశంతోనో, ఇష్టారాజ్యంగానో వాడితే కోర్టు చూస్తూ ఊరుకోదని కూడా రాశారు. పిటిషన్ మాత్రం కొట్టేశారు.

ఆ రెండో మాట తరువాతివారికి అక్కరకు వచ్చింది. క్షమాభిక్ష నిర్ణయాన్ని కోర్టులు పరిశీలించవచ్చనే సూత్రం బలపడింది. అత్యంత అరుదైన కేసులలోనే ఉరి వేయాలని 1980లో సుప్రీంకోర్టు కట్టడి చేసింది. క్షమాభిక్ష అర్జీని అకారణంగా ఏళ్ల తరబడి నాన్చితే ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చని 2014లో తేల్చింది. ఇవన్నీ ఆదిలాబాద్ ఖైదీలు పోయిన తరువాత వచ్చినవి.

ముషీరాబాద్ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి వెలిసింది. జిల్లా పల్లెల నుంచి జబ్బుపడి వెళ్లేవారు ఎక్కే మెట్లు ఒకనాటి ఉరికంబం ఉన్న నేల మీదివే.